కాలువ ఒకటి, చెరువులు పది

రండి నాయనా, అరుగు మీద చోటుంది, కూచోండి. మా రాజుపాలెంలో ఇవి శనగ విత్తే రోజులు. పొలానికి బయల్దేరబోతుంటే మనవరాలు దిగులుగా వచ్చి నిలబడింది. "జేజినాయనా, నా ఫోన్ చచ్చిపోయింది. ఇంటర్ ఫిజిక్స్ నోట్సంతా దాంట్లోనే ఉంది" అంది. "ఇంకెక్కడా రాసుకోలేదా అమ్మీ?" అంటే తల అడ్డంగా ఊపింది. ఆ బిడ్డ మొహం చూశాక ఈ పూట మీకు ఈ కబురే చెప్పాలనిపించింది.

ముందు నీళ్ల సంగతితో మొదలుపెడతాను. మన మండలానికి కేసీ కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ నీళ్లొస్తాయి కదా. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలువ అది. దాని తల కర్నూలు ఎగువన, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఉంది. అక్కడ నీళ్లు వదిలితే ఇక్కడ మడి తడుస్తుంది. అక్కడ లేకపోతే ఇక్కడ మడి నెర్రెలిస్తుంది. కాలువ చెడ్డదని కాదు, అది పెట్టిన అన్నమే తిన్నాం. కానీ దాని తాళంచెవి మన మొలతాడుకు లేదు. గొలుసుకట్టు చెరువుల సంగతి వేరు. ఊరికొక చెరువు, కట్ట ఆ ఊరిదే, తూము ఆ ఊరిదే, నీళ్లు వదిలే నీరుగంటి ఆ ఊరి మనిషే. చెరువు నిండితే అలుగు పారి కింది ఊరి చెరువులోకి పోతుంది. ఎవరి చెరువు వాళ్లదే, అయినా ఒకదాని నీళ్లు ఒకదానికి అందుతాయి.

ఇంటర్నెట్‌లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఒకే కంపెనీ నడిపే పెద్ద పెద్ద వేదికలు కాలువల్లాంటివి. ఆర్కుట్ గుర్తుందా? మీ నాన్నలను అడగండి, చెబుతారు. 2014 సెప్టెంబర్ 30న దాన్ని మూసేశారు. గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్ 2న మూసేశారు. తల దగ్గర తూము మూస్తే చివరి మడి వరకూ అంతా ఎండిపోయినట్టే.

ఈమెయిల్ మాత్రం చెరువుల గొలుసు. నీది ఒక కంపెనీ మెయిల్, నాది ఇంకొక కంపెనీ మెయిల్ అయినా ఉత్తరం చేరుతుంది. ఎందుకు? ఉత్తరాన్ని ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కు ఎట్లా అందించాలో 1982లోనే ఒక పద్ధతి రాసి పెట్టారు. అందరూ దాన్నే పాటిస్తున్నారు. ఆ పద్ధతే అలుగు. ఇదే ఆలోచనతో 2016లో జర్మనీలో ఓయిగెన్ రోచ్కో అనే యువకుడు మాస్టడాన్ అనే సామాజిక వేదికను తయారుచేశాడు. దాన్ని ఎవరైనా తమ సర్వర్ మీద పెట్టుకుని నడుపుకోవచ్చు. ఒక కాలేజీ ఒకటి, ఒక ఊరివాళ్లు ఒకటి పెట్టుకోవచ్చు. ఎవరి కట్టుబాట్లు వాళ్లవి. అయినా ఈ సర్వర్‌లో రాసింది ఆ సర్వర్‌లో ఉన్న స్నేహితుడికి కనిపిస్తుంది. ఈ సర్వర్ల మధ్య మాట నడిచే యాక్టివిటీపబ్ అనే పద్ధతిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది.

చెరువుకైనా కాపలా కావాలి నాయనా. చిన్న సర్వర్ నడిపే మనిషికి ఓపికో డబ్బో అయిపోతే అదీ మూతపడుతుంది. ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారితే మనల్ని అనుసరించేవాళ్లను వెంట తీసుకుపోవచ్చు గానీ, పాత రాతలు మనతో రావు. ఒకసారి పది సర్వర్లకు పారిన మాటను తర్వాత చెరిపేసినా, అన్నిచోట్లా చెరిగిందని నమ్మకం లేదు. కాబట్టి ఆచితూచి రాయండి. ముఖ్యమైన రాతకు అసలు ప్రతి మీ ఇంట్లోనే ఉండాలి.

ఈ విషయంలో మన కడపలోనే ఒక గొప్ప పాఠం ఉంది. 1820లో సి.పి. బ్రౌన్ దొర కలెక్టరుకు సహాయకుడిగా కడపకు వచ్చాడు. 1824లో వేమన పద్యాల పని మొదలుపెట్టి 1829లో అచ్చేయించాడు. అప్పట్లో తెలుగు పుస్తకాలన్నీ ఒకచోట దొరికే గ్రంథాలయమేదీ లేదు. తాటాకులు ఊరికొక ఇంట్లో, అటక మీద ఉండేవి. ఒక ఇంట్లో చెదలు తింటే ఇంకో ఇంట్లో మిగిలేవి. పుస్తకాలు బతికింది అట్లానే. బ్రౌన్ ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, కడపలో తన బంగళాలోనే సొంత డబ్బుతో జీతాలిచ్చి పండితులను, రాయసగాళ్లను పెట్టి, శుద్ధ ప్రతి రాయించేవాడు. ఆ రాయించిన తీరు చూడండి. ప్రతి పద్యానికీ నంబరు వేయించేవాడు. ఒక పేజీ రాస్తే ఎదురు పేజీ ఖాళీగా వదిలించేవాడు. ఏ ప్రతిలో ఏ మాట తేడాగా ఉందో ఆ ఖాళీలో ఎక్కించేవాళ్లు. ఆ తర్వాత పండితులు కూచుని సరైన పాఠం తేల్చేవాళ్లు. ఆయన సేకరణ ఇప్పుడు చెన్నైలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఆయన పేరిట గ్రంథాలయం నిలబడడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎంతో కష్టపడ్డారు. మీరు ఒక్కసారైనా పోయి చూడాలి.

ఆ పద్ధతే మన ఫోన్‌లోకీ తెచ్చుకుందాం. ఒక ఫైలులో ఒక్క సంగతే రాయండి. జర్మనీలో నిక్లాస్ లుహ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త ఇట్లాగే దాదాపు 90,000 చీటీలు రాసుకున్నాడు. ప్రతి చీటీకి ఒక నంబరు, దాని మీద సంబంధమున్న వేరే చీటీల నంబర్లు. మనకు తేదీ చాలు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, చివర సంగతి: 2025-10-18-శనగ-విత్తు. సంవత్సరం ముందు పెడితే కంప్యూటర్ దానంతటదే వరుసలో పేరుస్తుంది. లోపల ఎవరు చెప్పారు, ఎక్కడ చూశాం అన్నది ఒక ముక్క రాసి పెట్టండి. లేకపోతే ఏడాది తర్వాత మన రాతే మనకు పరాయిదవుతుంది.

ఇక అక్షరాల సంగతి. నేను బడిలో సైన్సు చెప్పేటప్పుడు కొన్ని పాఠాలు ఒక డీటీపీ ఫాంటులో కొట్టించి దాచుకున్నాను. మొన్న తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ! ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు బొమ్మలను కూచోబెట్టేవి. ఫాంటు పోతే బొమ్మ పోతుంది. యూనికోడ్‌లో అట్లా కాదు, మన అక్షరాలకు సొంత కుర్చీలున్నాయి. 'అక్క' అని కొడితే కంప్యూటర్ దాచుకునేది నాలుగు నంబర్లు: అ 3077, క 3093, పొల్లు 3149, మళ్లీ క 3093. రాజుపాలెంలోనైనా అమెరికాలోనైనా అవే నంబర్లు. అందుకే నోట్సును యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచండి. ఒక్కో గుర్తుకు సాధారణంగా మూడు బైట్లు. పేజీకి వెయ్యి గుర్తులనుకుంటే, పదివేల పేజీలు రాసినా 30 మెగాబైట్లే. ఫోన్‌తో తీసిన పది ఫోటోల బరువు! జీవితమంతా రాసినా ఒక పెన్‌డ్రైవ్ మూలన సరిపోతుంది. ఒక ప్రతి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట్లో ఉంచండి.

మనవరాలి సంగతి చెప్పలేదు కదూ. మధ్యాహ్నం నవ్వుకుంటూ వచ్చింది. తన నోట్సును మొన్న పరీక్షలకు ముందు వెల్లాలలో ఒక స్నేహితురాలికి, ప్రొద్దుటూరులో ఇద్దరికి పంపిందట. వాళ్లు ముగ్గురూ తిరిగి పంపారు. ఒకదాంట్లో రెండు పాఠాలు తక్కువ, ఇంకోదాంట్లో స్నేహితురాలు దిద్దిన తప్పులున్నాయి. ఇప్పుడు లోపల కూచుని మూడూ పక్కపక్కన పెట్టుకుని కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తోంది. పోయి చూశాను. కుడి పేజీలో రాస్తూ, ఎడమ పేజీ ఖాళీగా వదిలింది.