టిల్లర్‌కు నూనె పెట్టే ముందు ప్లగ్ టోపీ పీకండి

మాధవరం 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. అయినా ఇక్కడి పాత ఇళ్లలో కొన్నింటికి పెరడు ఇంకా మిగిలే ఉంది. నాలుగు కొబ్బరి చెట్లు, ఒక మామిడి, వాటి మధ్య వంగ, బెండ, తోటకూర మడులు. మట్టి తవ్వే మనుషులు దొరకడం కష్టమయ్యాక కొన్ని ఇళ్లలోకి చిన్న టిల్లర్ వచ్చి చేరింది. దీపావళి వానలకు షెడ్డులో పెట్టిన ఆ యంత్రాన్ని సంక్రాంతి దాటాక బయటికి లాగుతాం. నాలుగుసార్లు తాడు గుంజుతాం. కదిలితే మడిలోకి, కదలకపోతే మెకానిక్ దగ్గరికి. మధ్యలో నూనె చూడాలన్న సంగతి గుర్తుకు రాదు.

గుర్తొచ్చినవాళ్లు కూడా ఒక పని మరచిపోతారు. నూనె డబ్బా ముట్టుకోక ముందే ఇంజిన్ ఆపి చల్లారనివ్వాలి. పెట్రోలు కుళాయి కట్టాలి. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్ మీది టోపీ పీకి, ప్లగ్‌కు తగలకుండా పక్కకు మళ్లించాలి. "స్విచ్ ఆపాం కదా" అంటారు. స్విచ్ నుంచి వచ్చే తీగ లోపల తెగి ఉంటే, మీరు ఆపినా ప్లగ్‌లో నిప్పురవ్వ పుడుతూనే ఉంటుంది. కొన్ని యంత్రాలలో బ్లేడును చేత్తో తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది. సిలిండర్‌లో మిగిలిన ఆవిరి ఒక్కసారి అంటుకుంటే చాలు, బ్లేడు దగ్గరున్న వేళ్లు పోతాయి. కరెంటు టిల్లర్ అయితే సాకెట్ నుంచి తీగ తీయాలి, బ్యాటరీది అయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి.

మన పెరళ్లలో బ్లేడు దగ్గర చేయి పెట్టే అవసరం తరచూ వస్తుంది. కొబ్బరి పీచు, పాత నైలాన్ తాడు, దండెం నుంచి ఎగిరిపడిన చీర అంచు, అన్నీ బ్లేళ్లు తిరిగే ఇరుసుకు చుట్టుకుంటాయి. పైకి చూస్తే చిన్న చుట్టే. కానీ అది ఇరుసు వెంబడి జరిగి, గేరుపెట్టె అంచున ఉన్న రబ్బరు సీలును కోస్తుంది. సీలు పోతే లోపలి నూనె కారుతుంది, మట్టి లోపలికి పోతుంది, గేర్లు ఎండి అరిగిపోతాయి. కాబట్టి ప్రతి వాడకం తర్వాత బ్లేళ్లు చూడండి. చుట్టుకున్నదాన్ని గుంజకండి, మందమైన చేతి తొడుగు వేసుకుని కత్తితో కోసి తీయండి. ఇరుసు పక్కన నేల మీద నూనె మరక కనిపిస్తే సీలు మార్పించేదాకా యంత్రం నడపవద్దు.

ఇక నూనె. ఇందులో ఎక్కువమంది పొరబడేది ఒకచోటే: ఇంజిన్ నూనె వేరు, గేరుపెట్టె నూనె వేరు. ఒకటి నిండుగా ఉందని రెండోది చూడకుండా వదిలేస్తారు. 160 సీసీ చుట్టుపక్కల ఉండే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కు పట్టేది సుమారు 600 మిల్లీలీటర్లే, అంటే మూడు గ్లాసుల లోపు. అంత తక్కువ నూనెలో కొంచెం తగ్గినా ఇంజిన్‌కు దెబ్బ. యంత్రాన్ని సమంగా నిలబెట్టి డిప్‌స్టిక్ తుడిచి చూడాలి. కొత్త యంత్రం చాలావరకు నూనె లేకుండానే ఇంటికి వస్తుందని మరచిపోకండి. ఇలాంటి ఇంజిన్లలో మామూలుగా మొదటిసారి 20 గంటలకు, ఆపై ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు మార్చమంటారు. మన పెరటికి ఏడాదంతా కలిపినా వంద గంటలు కావు, కాబట్టి ఆరు నెలల లెక్కే పెట్టుకోవడం మంచిది. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు నూనె బాగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. గేరుపెట్టెకు ఏ నూనె అన్నది మాన్యువల్‌లో ఉన్నదే పోయాలి. రెండు స్ట్రోకుల ఇంజిన్‌కు విడిగా నూనె ఉండదు, పెట్రోలులోనే కలపాలి.

క్లచ్ తీగకూ, లివర్ కీలుకూ రెండు చుక్కలు చాలు. బ్లేళ్లు విప్పినప్పుడు ఇరుసుకు గ్రీజు పూస్తే మళ్లీ సులువుగా వస్తాయి, లేకపోతే తుప్పు పట్టి సుత్తి కావాలి. బెల్టుకు మాత్రం నూనె తగలనివ్వకండి, జారిపోతుంది. కాగితం ఎయిర్ ఫిల్టర్‌ను కడగకూడదు. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, కొంచెం ఇంజిన్ నూనెలో ముంచి పిండాలి. పెట్రోలుతో కడిగే అలవాటు ఉంటే మానేయండి.

పెట్రోలు విషయం ఇప్పుడు ఇంకా ముఖ్యం. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా ట్యాంకులో ఉంచితే నీరు పట్టి అడుగుకు చేరి కార్బురేటర్‌ను పాడుచేస్తుంది. షెడ్డులో పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆరుబయటే ఇంజిన్ తనంతట ఆగేదాకా నడపండి. మూసిన షెడ్డులో నడిపితే పొగలోని విషవాయువు వాసన కూడా రాకుండా మనిషిని పడేస్తుంది.

2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చూసినవాళ్లం మనం. యంత్రం నీట మునిగి ఉంటే తాడు ముట్టకండి. ముందు రెండు చోట్లా నూనె దించి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగాయన్నమాట. ఆ నూనెతో నడిపితే బేరింగులు పోతాయి. దాన్ని పూర్తిగా మార్చి, ప్లగ్ విప్పి సిలిండర్‌లోకి నీళ్లు చేరాయేమో మెకానిక్‌తో చూపించాకే తాడు లాగాలి.

దించిన పాత నూనెను చెట్టు మొదట్లోనో, మోరీలోనో పోయకండి. మనకు దగ్గరలోని పుళల్ చెరువు నగరానికి తాగునీరిచ్చేది. ఆంధ్ర నుంచి వచ్చే కృష్ణా నీళ్లు కూడా పూండి మీదుగా అక్కడికే చేరతాయి. నూనెను డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

అన్నీ అయ్యాక ప్లగ్ టోపీ తగిలించి, పిల్లల్ని దూరంగా పంపి, మడిలోకి దింపకుండానే ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా క్లచ్ లివర్ వదిలేస్తే బ్లేళ్లు ఆగిపోవాలి. ఆగకపోతే తీగ వదులు చేయాలి. రివర్స్ గేరు ఉన్న యంత్రమైతే, మీ వెనక గోడా చెట్టూ లేని చోట నిలబడే చూడండి.