చాకుల షోకేసు వయసెంత? పాత అద్దాల పెట్టె చెప్పే సాక్ష్యం

20వ శతాబ్దంలో అమెరికాలోని ఇనుప సామాన్ల దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన ఒక అద్దాల పెట్టె ఉండేది. అందులో మడత చాకులు వరుసగా బిగించి ఉండేవి. కేస్, రెమింగ్టన్, వించెస్టర్, బక్ వంటి కంపెనీల పేర్లు ఆ పెట్టెల మీద కనిపిస్తాయి. చాకు చిన్న వస్తువు, ఖరీదు ఎక్కువ, ఎవరి జేబులోకైనా ఇట్టే జారిపోతుంది. అందుకే పెట్టెకు ముందువైపు అద్దం, దుకాణదారు నిలబడే వెనుకవైపు తాళం. కొన్నిటికి వెనుక చిన్న అరలు కూడా ఉండేవి. అద్దంలో చూపించే చాకుకు, అరలో దాచిన సరుకుకు ఒకే నంబరు వేసేవారు.

ఆ దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. పెట్టెలు మాత్రం వేలం పాటల్లో, పాత వస్తువుల సంతల్లో తిరుగుతున్నాయి. అమ్మేవారు "1920ల నాటిది" అంటారు. నిజానికి అది 1970ల నాటిదైతే కొన్నవారి డబ్బు పోతుంది. నిజంగా పాతదాన్ని కొత్తదనుకుని సానపట్టి, రంగు వేసి, అద్దం మారిస్తే అందులోని చరిత్ర పోతుంది. తగని పెట్టెలో చాకులు పెడితే చాకులే పాడవుతాయి. కాబట్టి వయసు, వెల, భద్రత అనే మూడు ప్రశ్నలకూ ముందు పెట్టె దేనితో తయారైందో తెలియాలి.

అన్నిటికంటే కొత్త భాగమే గడువు చెబుతుంది

పునాది తాతగారిది, కిటికీలు మనవడు పెట్టించినవి అయిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉంటాయి. పాత పెట్టెలూ అంతే. అందుకే వయసు లెక్కించే వారు పురావస్తు తవ్వకాల్లో వాడే సూత్రాన్నే పాటిస్తారు. ఒక మట్టి పొరలో దొరికిన నాణేలన్నిటిలో కొత్తది ఏదో, ఆ పొర అంతకంటే పాతది కాజాలదు. అలాగే పెట్టెలో మొదటినుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏదో, పెట్టె అంతకంటే ముందు తయారై ఉండదు.

ఈ సూత్రంలో "మొదటినుంచీ ఉన్న" అనే మాటకే బరువు ఎక్కువ. తర్వాత మార్చిన స్క్రూ పెట్టె వయసును చెప్పదు, మరమ్మతు వయసును చెబుతుంది. స్క్రూ చుట్టూ చెక్క రంగు ఒకేలా ఉందా, పక్కనే పూడ్చిన పాత రంధ్రం ఉందా, తల మీద పట్టిన మురికి చుట్టుపక్కల మురికితో కలుస్తోందా అని చూడాలి. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదు. కనీసం మూడు నాలుగు భాగాలు ఒకే కాలాన్ని చూపించాలి.

స్క్రూ, దీపం, ప్లాస్టిక్

తల మీద ఒకే గాడి ఉన్న స్క్రూలు చాలా పాతవి, ఇప్పటికీ తయారవుతున్నాయి. కాబట్టి వాటితో పెద్దగా తేలదు. కూడిక గుర్తులా గాడి ఉండే ఫిలిప్స్ స్క్రూ సంగతి వేరు. హెన్రీ ఫిలిప్స్‌కు దాని పేటెంట్లు 1936లో వచ్చాయి. మొదట్లో కార్ల కర్మాగారాలు వాడాయి, తర్వాత అందరి చేతికీ వచ్చింది. పెట్టె కీళ్లకు మొదటినుంచీ ఫిలిప్స్ స్క్రూలే ఉంటే "1920ల నాటిది" అన్న మాట నిలవదు.

ట్యూబులైటు అమెరికా మార్కెట్లోకి 1938లో వచ్చింది. పెట్టె చట్రంలోనే ట్యూబులైటుకు చోటు వదిలి తయారుచేస్తే అది ఆ తర్వాతిదే. పాత పెట్టెకు ఎవరైనా తర్వాత లైటు బిగించి ఉంటే తీగల కోసం చేసిన రంధ్రాల అంచుల్లో చెక్క తాజాగా కనబడుతుంది. గాజుకు బదులు పారదర్శకమైన అక్రిలిక్ పలక ఉంటే, అది 1933లో ప్లెక్సీగ్లాస్ పేరుతో అమ్మకానికి వచ్చిన పదార్థం. వెనుక పలక చెక్క పీచును అదిమి చేసిన గోధుమరంగు హార్డ్‌బోర్డు అయితే 1920ల తర్వాతిది. ఎం.డి.ఎఫ్. అనే మెత్తని పలక అయితే 1960ల తర్వాతిది.

గాజు ఏం చెబుతుంది?

పాత గాజు కాలక్రమంలో కిందికి జారి అడుగున మందమవుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర గాజు మన కంటికి తెలిసేంతగా ప్రవహించదు. పాత పద్ధతుల్లో పలకలు సమానమైన మందంతో వచ్చేవి కావు, తేడా అక్కడిదే. కాబట్టి అడుగు మందంగా ఉండడం వయసుకు రుజువు కాదు.

అసలైన సాక్ష్యం మరోటి ఉంది. కరిగిన తగరం మీద గాజును తేలనిచ్చి పలకలు చేసే ఫ్లోట్ పద్ధతిని బ్రిటన్‌కు చెందిన పిల్కింగ్‌టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. 1960ల నుంచి అది అమెరికాకూ విస్తరించింది. తగరాన్ని తాకిన వైపు గాజులోకి కొద్దిపాటి తగరం చేరుతుంది. చీకటి గదిలో 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద ఆ వైపు పాలలా మసకగా వెలుగుతుంది, రెండోవైపు వెలగదు. ఇలా ఒకవైపే వెలిగితే అది ఫ్లోట్ గాజు. పెట్టె అంతకుముందుదైతే అద్దం మార్చారన్నమాట. ఈ తరంగదైర్ఘ్యం కంటికీ చర్మానికీ హాని చేస్తుంది. తగిన కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పరీక్ష చేయవద్దు.

అక్షరాలు, చిరునామా, కాగితం

పెట్టె వెనుక అంటించిన చీటీ ఒక్కోసారి అన్నిటికంటే మంచి సాక్షి. అమెరికా తపాలా శాఖ 1943లో పెద్ద నగరాల్లో ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెల మండల సంఖ్య రాయించింది. 1963 జులై 1న అయిదు అంకెల జిప్ కోడ్ వచ్చింది. మన పిన్‌కోడ్‌కు అది అన్న వంటిది, మనది 1972లో మొదలైంది. చీటీ మీద రెండంకెల మండల సంఖ్య ఉంటే 1943 తర్వాతిది, చాలావరకు 1963కు ముందుది. పాత చీటీల కట్ట అయ్యేవరకు వాడుకునే కంపెనీలూ ఉంటాయి కాబట్టి ఆపైన ఒకటి రెండేళ్లు కలిపి చూడాలి. దుకాణాల్లో బార్‌కోడ్‌ను మొదటిసారి చదివింది 1974 జూన్‌లో, ఒహాయో రాష్ట్రంలో. చీటీ మీద ఆ గీతలుంటే ఇక వాదన అక్కర్లేదు.

కాగితం కూడా మాట్లాడుతుంది. 1950 ప్రాంతం నుంచి కాగితం తెల్లగా మెరవడానికి ప్రత్యేక రసాయనాలు కలపడం మొదలైంది. వాటిని బట్టల సబ్బుపొడిలోనూ వాడతారు. నోట్లను పరీక్షించే మామూలు నీలి దీపం కింద అవి తెల్లని నీలికాంతితో వెలుగుతాయి. "1930ల నాటి అసలు చీటీ" అని చెప్పింది అలా వెలిగితే, అది తర్వాత అచ్చువేసిన నకలు. వెలగకపోతే మాత్రం పాతదని తేలినట్టు కాదు. ఆ రసాయనం లేని కాగితం ఇప్పటికీ దొరుకుతుంది.

వార్నిష్‌లో మన లక్క

పాత చెక్క పెట్టెల మీద పూతగా షెల్లాక్ ఎక్కువగా కనబడుతుంది. అది లక్క పురుగు స్రవించే జిగురు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్క అదే కుటుంబానిది. ప్రపంచానికి లక్కను సరఫరా చేసిన ప్రధాన దేశం భారతే. షెల్లాక్ స్పిరిట్‌లో కరుగుతుంది, అతినీలలోహిత కాంతిలో నారింజరంగులో వెలుగుతుంది. ఆ వెలుగు పెట్టె అంతా ఒకేలా ఉండి ఒక మూల మాత్రం నల్లగా కనబడితే అక్కడ తర్వాత పూత వేశారని అనుమానించాలి. స్పిరిట్ పరీక్ష చేయాలంటే కనబడని చోట, దూది పుల్లతో ఒక్క చుక్క చాలు.

అణుపరీక్షల గుర్తు

వాతావరణంలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల 1955 నుంచి గాలిలో రేడియోకార్బన్ పెరుగుతూ పోయింది. ఆ పరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో కుదిరే నాటికి ఉత్తరార్ధగోళంలో అది దాదాపు రెట్టింపయింది. ఆ తర్వాత మెల్లగా తగ్గింది. ఆ ఏళ్లలో పెరిగిన మొక్కల్లో ఈ గుర్తు ఉంటుంది. చెక్క కంటే పెట్టె లోపల పరిచిన నూలు గుడ్డ ఈ పరీక్షకు మేలు. చెట్టు లోపలి వలయాలు దశాబ్దాల పాతవి కావచ్చు, పత్తి మాత్రం ఒకే పంటకాలంలో పండుతుంది. అయితే ప్రయోగశాల ఖర్చు చాలా పెట్టెల వెల కంటే ఎక్కువ. మ్యూజియం స్థాయి వస్తువుకు తప్ప ఇది అవసరం ఉండదు.

చాకుల మాట ఎంతవరకు నమ్మాలి?

కేస్ కంపెనీ 1970 నుంచి చాకు అలుగు మొదట్లో ముద్ర కింద పది చుక్కలు వేసి, ఏటా ఒక్కో చుక్క తగ్గిస్తూ వచ్చింది. 1979 నాటికి ఒక్క చుక్క మిగిలింది. కాబట్టి ఆ దశాబ్దపు చాకు ఏ ఏటిదో చుక్కలు లెక్కపెట్టి చెప్పవచ్చు. కానీ చాకు వయసు పెట్టె వయసు కాదు. దుకాణంలో చాకులు అమ్ముడవుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. గుడ్డ మీద చాకుల కింద పడిన నీడ ఆకారం ఇప్పుడున్న చాకులతో సరిపోతేనే అవి చాలాకాలంగా అక్కడ ఉన్నాయని అనుకోవాలి.

ఇక్కడే భద్రత ప్రశ్న వస్తుంది. 20వ శతాబ్దం మొదటి భాగంలో ఎన్నో చాకులకు సెల్యులాయిడ్ పిడులు వేశారు. సెల్యులోజ్ నైట్రేట్‌ను కర్పూరంతో కలిపి చేసే ప్లాస్టిక్ అది. మూత సరిగా పెట్టని డబ్బాలో హారతి కర్పూరం తరిగిపోవడం మనకు తెలుసు. అలాగే పిడిలోని కర్పూరం దశాబ్దాలుగా ఆవిరైపోతుంది, పిడి కుంచించుకుని పగుళ్లిస్తుంది. నైట్రేట్ భాగం విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్‌లను వదులుతుంది. అవి తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమవుతాయి. మూసిన అద్దాల పెట్టెలో ఒక్క చాకు ఇలా కుళ్లితే పక్కనున్న మంచి చాకులన్నీ తుప్పుపడతాయి. పైగా సెల్యులాయిడ్ తేలిగ్గా అంటుకుని వేగంగా మండుతుంది. అలాంటి చాకును వెంటనే వేరుచేసి, గాలి ఆడే చల్లని చోట ఉంచాలి.

పెట్టె కూడా హాని చేయగలదు. ఓక్ చెక్క ఎసిటిక్ ఆమ్లం ఆవిరిని వదులుతుంది. ఉన్ని గుడ్డ నుంచి వెలువడే గంధక వాయువులు వెండిని నల్లబరుస్తాయి. ఈ సమస్యకే బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్షను ప్రతిపాదించారు. అనుమానించే పదార్థాన్ని వెండి, రాగి, సీసం రేకులతో పాటు కొంచెం నీటి తేమతో సీసాలో మూసి, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 రోజులు ఉంచుతారు. రేకులు చెడితే ఆ పదార్థం ప్రదర్శనకు పనికిరాదు. అందుకే పాత పెట్టెను పాత పెట్టెగానే చూపించి, విలువైన చాకులను వేరుగా దాచడం మేలు.

వెల కట్టడం

వెల విషయంలో మొదటి నియమం: అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఎంతైనా అడగవచ్చు. చేతులు మారిన సొమ్మే సాక్ష్యం. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒకే రకం పెట్టెలు అయిదు 180, 200, 210, 240, 650 డాలర్లకు అమ్ముడయ్యాయి. సగటు 296. కానీ అయిదింటిలో నాలుగు 240 లోపే పోయాయి. వరుసలో మధ్యనున్న 210, అంటే మధ్యగతం, మార్కెట్టుకు దగ్గరగా ఉంది. 650 ఎందుకు పలికిందో విడిగా చూడాలి. బహుశా చాకులతో కలిపి అమ్మారు, లేదా వేలంలో ఇద్దరు పట్టుబట్టారు.

ఆ మధ్య ధర నుంచి మన పెట్టెకు హెచ్చుతగ్గులు వేసుకోవాలి. అసలు తాళంచెవి, వెనుక అరలు, చెరగని కంపెనీ పేరు, మార్చని అద్దం ఉంటే విలువ పెరుగుతుంది. కొత్త గుడ్డ, మళ్లీ వేసిన వార్నిష్, నకలు అక్షరాలు ఉంటే తగ్గుతుంది. చాకులుంటే వాటి వెల విడిగా లెక్కించాలి. పెద్ద గాజు పెట్టెను పగలకుండా దూరం పంపడానికి అయ్యే ఖర్చునూ మరవకూడదు. ఒకే పెట్టె ధర ఊరినిబట్టి మారడానికి అదొక కారణం.

ఇప్పుడు అన్నీ కలిపి చూద్దాం. ఒక పెట్టెకు "1930ల నాటిది" అని చీటీ కట్టారనుకోండి. కీళ్లకు కదిలించని ఫిలిప్స్ స్క్రూలు ఉన్నాయి. వెనుక చీటీలో రెండంకెల మండల సంఖ్య ఉంది, కాగితం వెలగలేదు. అద్దంలో తగరం జాడ లేదు. లోపలి గుడ్డ మాత్రం నీలికాంతితో మెరిసింది. చీటీని బట్టి పెట్టె 1943కు, 1963కు మధ్యది. స్క్రూలు, అద్దం ఆ మాటకు అడ్డురావు. గుడ్డ తర్వాత మార్చినది కావచ్చు, పెట్టెయే 1950ల నాటిదీ కావచ్చు. గుడ్డ అంచుల దగ్గర పాత మేకుల రంధ్రాలు కనబడితే మొదటిదే నిజం. అమ్మేవారు చెప్పిన దశాబ్దం మాత్రం తప్పు.

ఈ పద్ధతి అమెరికా చాకుల పెట్టెలకే పరిమితం కాదు. మన పాత కిరాణా దుకాణాల అద్దాల బీరువాలకూ ఇదే తర్కం వర్తిస్తుంది, తేదీల పట్టిక ఒక్కటే మారుతుంది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే తుడవకముందే అన్ని వైపులా ఫొటోలు తీయండి. చీటీలు పీకవద్దు, స్క్రూలు మార్చవద్దు. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి గరుకు కాగితంతో గీకవద్దు. ముందు చూసి రాసుకోండి, శుభ్రం చేయడం తర్వాత. ఒకసారి తుడిచేసిన సాక్ష్యాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి ఇవ్వలేదు.