పంటికి తొడుగు ఎప్పుడు అవసరం?

పంటి నొప్పి తగ్గిన రోజునే చాలామంది వైద్యాన్ని ఆపేస్తారు. రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది, ఇక క్యాపు ఎందుకని ఊరుకుంటారు. కొన్ని నెలలకో, ఏడాదికో ఎముక ముక్కో, వక్కో కొరికినప్పుడు ఆ దవడ పన్ను నిలువునా చీలుతుంది. చీలిక వేరు దాకా దిగితే పన్ను తీసివేయక తప్పదు. అప్పటిదాకా పెట్టిన ఖర్చు, పడిన శ్రమ వృథా అవుతాయి. తొడుగు వాయిదా పడటానికి ఒక కారణం డబ్బు. మన ఇళ్ళలో మరొక కారణమూ వినిపిస్తుంది: క్యాపు ఉంటే గుసుల్ నెరవేరుతుందా అన్న సందేహం. ఈ రెంటికీ సమాధానాలున్నాయి.

తొడుగు చేసే పని

పంటి పైపొర అయిన ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, పోయిన ఎనామిల్ తిరిగి పెరగదు. పుచ్చు తీసి, లోపలి నరాన్ని తొలగించి, శుభ్రం చేసిన తరువాత పంటికి మిగిలేది పలుచని గోడలే. నమిలేటప్పుడు ఆ గోడలు పక్కలకు విచ్చుకుంటాయి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్లు, తొడుగు ఆ గోడలను చుట్టూ పట్టి ఉంచి బరువును పన్నంతటా పంచుతుంది.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

రూట్ కెనాల్ చేసిన దవడ పళ్ళకు సాధారణంగా తొడుగు అవసరం. పుచ్చు పెద్దదై, సిమెంటు నింపినా గోడలు నిలవని పంటికి, పగులు వచ్చిన పంటికి, బాగా అరిగిపోయిన పంటికి కూడా అవసరమే. పిల్లల పాల దవడ పళ్ళు ఎక్కువగా పుచ్చితే, అవి సహజంగా ఊడే వయసు దాకా నిలిచేందుకు స్టీలు తొడుగు వేస్తారు.

చిన్న పుచ్చుకు సిమెంటు నింపితే చాలు. రూట్ కెనాల్ చేసిన ముందు పన్ను చాలావరకు గట్టిగా మిగిలి ఉంటే తొడుగు లేకుండానే నిలవవచ్చు. కేవలం రంగు మారిందని తొడుగు వేయించుకోవడం తొందరపాటు. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ మన ప్రాంతానికి కొత్త కాదు. 1937లోనే వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో దీని గురించి వైద్య పత్రికలో రాశారు. ఈ మచ్చలు తేలికగా ఉంటే పన్ను అరగదీయనక్కరలేని చికిత్సలున్నాయి. తొడుగు కోసం పంటిని చుట్టూ ఒకటి, రెండు మిల్లీమీటర్ల మేర చెక్కాలి. చెక్కిన భాగం తిరిగి రాదు. అందుకే 'సిమెంటుతో సరిపోదా? పంటి గోడలు ఎంత మిగిలాయి? ఎక్స్‌రే ఏమంటున్నది?' అని వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం మన హక్కు.

ఏ లోహం, ఎంత ఖర్చు

పూర్తి లోహపు తొడుగు చౌక, గట్టిది. కనిపించని వెనుక పళ్ళకు చక్కగా సరిపోతుంది. లోహంపై పింగాణీ పూసినది మధ్యరకం. జిర్కోనియా పంటి రంగులోనే ఉంటుంది, గట్టిది, ఖరీదు ఎక్కువ. గూడూరు వారికి ఇటు నెల్లూరులోను, అటు తిరుపతిలోను దంతవైద్య కళాశాలలున్నాయి. ఇలాంటి బోధనాసుపత్రులలో ఖర్చు సాధారణంగా తక్కువ. పని రెండు, మూడు సార్లలో పూర్తవుతుంది. మొదట చెక్కి అచ్చు తీసుకుంటారు, తాత్కాలిక తొడుగు పెడతారు, తరువాత అసలుది అతికిస్తారు. రమజాన్‌కు ముందే పూర్తి చేసుకుంటే ఉపవాస వేళ ఇబ్బంది ఉండదు.

బంగారం, గుసుల్

పురుషులకు బంగారు ఆభరణాలు నిషిద్ధం. అయితే ఒక యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన కొట్టగా, దైవప్రవక్త (స) బంగారు ముక్కును అమర్చుకోమన్నారని హదీసు గ్రంథాలలో ఉంది. దీని ఆధారంగా అవసరమైనప్పుడు బంగారు పంటికీ అనుమతి ఉన్నదని అనేకమంది ధర్మవేత్తలు చెప్పారు. నేడు ఇతర పదార్థాలు సులభంగా దొరుకుతున్నందున ఆ అవసరం అరుదు.

హనఫీ విధానంలో గుసుల్‌కు నోరు పుక్కిలించడం విధి. అందుకే ఈ సందేహం. పంటికి స్థిరంగా అతికించిన తొడుగును తీయడం సాధ్యం కాదు గనుక అది పంటిలో భాగమే అవుతుందని, దానిపై నీరు చేరితే చాలునని ధర్మవేత్తలు వివరించారు. సులభంగా తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ సంగతి వేరు. వాటిని గుసుల్ వేళ తీసి పుక్కిలించాలి. ఇంకా సంశయముంటే దగ్గరలోని ఆలిమ్‌ను అడగండి. ఆ సంశయంతో పన్ను మాత్రం పోగొట్టుకోవద్దు.

తొడుగు వేసిన తరువాత

తొడుగు పుచ్చదు గాని, దాని అంచున చిగురు దగ్గరి పన్ను పుచ్చుతుంది. అక్కడే మిస్వాక్ గాని, బ్రష్ గాని శ్రద్ధగా తిరగాలి. పళ్ళ సందులను దారంతో శుభ్రం చేసుకోవాలి. గూడూరు నిమ్మకాయలకు పేరుగాంచిన ఊరు; వేసవిలో నిమ్మరసం లేని ఇల్లుండదు. ఆ పులుపు ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. తాగాక నీటితో పుక్కిలించి, కనీసం అరగంట ఆగి పళ్ళు తోముకోవాలి. పళ్ళు తెల్లబడతాయని నిమ్మతొక్కతో రుద్దడం మానాలి.

కొరికినప్పుడు తొడుగు ఎత్తుగా తగిలితే ఆలస్యం చేయక వైద్యునికి చెప్పాలి. ఊడివస్తే ఇంటి జిగురుతో అతికించవద్దు. శుభ్రం చేసి, భద్రపరచి వెంట తీసుకువెళ్ళాలి. చక్కగా చూసుకుంటే తొడుగు పదేళ్ళు, అంతకుమించీ నిలుస్తుంది. శరీరం అల్లాహ్ మనకప్పగించిన అమానత్. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను తొడుగు లేకుండా మీ నోటిలో ఉంటే, నొప్పి లేకపోయినా ఈ వారమే వైద్యునికి చూపించండి.