జుగ్సలాయి ద్రవ బెల్లం – మన అరిసెల పాకం

టాటానగర్ రైల్వే స్టేషనుకు చేరువలోనున్న జుగ్సలాయి బజారులో చలికాలం ప్రవేశించిందంటే ఈత బెల్లం గుబాళిస్తుంది. గట్టి దిమ్మలతోపాటు తేనె వలె జారే ద్రవరూపంలోనూ అది లభిస్తుంది. దానిని ఇక్కడివారు ‘ఝోలా గుడ్’ అంటారు. రాత్రివేళ చెట్టుకు కట్టిన కుండలలో చేరిన ఈత నీరాను వేకువనే దించి, పులియక మునుపే కాచి దీనిని తయారుచేస్తారు. మన సంక్రాంతి, ఇక్కడి టుసు పండుగ ఒకేసారి వస్తాయి. బియ్యపు పిండి, బెల్లంతో ఈ ప్రాంతమువారు వండే ‘అర్సా’కు మన అరిసెతో పేరులోనే గాక రుచిలోనూ చుట్టరికం కనిపిస్తుంది.

అయినప్పటికీ, అనకాపల్లి బెల్లం నిండుకున్న ఒక సంక్రాంతికి ఈ ద్రవ బెల్లంతో మా ఇంట అరిసెలు చెడినవి. తడిపిండి కొట్టి సిద్ధంగా ఉన్నది. అది మరునాటికి ఆగదు. కిలో బెల్లానికి బదులు కిలో ద్రవం పోయించి, అలవాటు కొద్దీ గ్లాసెడు నీళ్ళు చేర్పించి, ఎప్పటి నిమిషాల లెక్కకే దింపించాను. అరిసెలు నూనెలో విచ్చిపోయినవి. “గడియారం చూస్తే పాకం తెలుస్తుందా అండీ? నీళ్ళ గిన్నెలో చూడాలి గాని” అన్నది మా శ్రీమతి. ఇంజనీరుకు తట్టవలసిన మాటే అది.

గట్టి బెల్లంలో నీరు నూటికి 5 నుండి 10 పాళ్ళు మాత్రమే. ద్రవ బెల్లంలో సుమారు మూడోవంతు నీరే. కనుక కిలో దిమ్మకు సాటి రావలెనన్న దాదాపు 1,400 గ్రాముల ద్రవం కావలెను. వేరే నీరు అక్కరలేదు. నీరు ఆవిరైన కొలది పాకం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. 112 – 116 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నీళ్ళలో వేసిన చుక్క మెత్తని ఉండగా చేతికి వస్తుంది. అరిసెకు కావలసినది ఆ స్థితి. ఏ బెల్లమైనను, ఎంతసేపు కాగినను, గుర్తు అదే. అమ్మేవారిని బట్టి ద్రవం చిక్కదనం మారుతుంది గనుక కొలతకన్నా ఈ పరీక్షనే నమ్మవలెను.

ఒక చిక్కు మిగిలినది. ఎక్కువసేపు కాచినచో ఈత బెల్లపు పరిమళం తగ్గిపోతుంది, అడుగంటే భయమూ ఉన్నది. అందుచేత మరుసటి ఏడు అరకిలో గట్టి బెల్లం తరిగి అరకిలో ద్రవంలోనే కరిగించినాము. ఈ మిశ్రమంలో నీరు సుమారు ఐదోవంతే. పాకం త్వరగా వచ్చినది, వాసన నిలిచినది. పొంగు ఎక్కువ కనుక వెడల్పాటి గిన్నె, సన్నని సెగ అవసరం.

పరమాన్నం సంగతి వేరు. అక్కడ నీరు ఆవిరి చేసే అవకాశం లేదు. కావున ముందుగానే పాలు మరికొంత మరిగించి చిక్కబరచి, దించి, వేడి కాస్త తగ్గిన తరువాత ద్రవ బెల్లం కలపవలెను. బెల్లంలోని పులుపు వలన మరిగే పాలు విరుగుతాయి. మిగిలిన ద్రవాన్ని ఫ్రిజ్‌లో ఉంచుట మేలు. వెచ్చదనానికి అది నురుగు కట్టి పులిసిపోతుంది.