డేటా దాచేవాళ్ళ సంగతులు: మీకు తెలుసా?

బెంగళూరులో బొమ్మనహళ్ళి మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి పోయే సాఫ్ట్‌వేర్ జనంలో మన తెలుగువాళ్ళు బోలెడు మంది. యాప్‌లు చేసేవాళ్ళు ఊరెళ్ళినప్పుడు ఫోన్ తీసి "ఇదిగో, ఇది నేను చేసిందే" అని చూపిస్తారు. స్టోరేజ్ ఇంజనీరుకు ఆ భాగ్యం లేదు. డేటా పోయిన రోజునే ఆయన పని లోకానికి తెలుస్తుంది!

• "సేవ్" అయినంత మాత్రాన డేటా డిస్కు మీద పడినట్టు కాదు. అది ముందు మెమరీలో ఆగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వీలు చూసుకుని డిస్కుకు పంపుతుంది. ఈలోగా కరెంటు పోతే గల్లంతే. "ఇప్పుడే డిస్కులో వెయ్" అని పట్టుబట్టే ఆదేశం ఎఫ్‌సింక్. లైనక్స్‌లో అది ఒకసారి విఫలమయ్యాక మళ్ళీ అడిగితే, డేటా పోయినా "అంతా బాగానే ఉంది" అనగలదని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందం 2018లో గుర్తించింది. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళుగా ఆ జవాబునే నమ్ముకున్నారు!

• 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ హార్డ్ డిస్కుల దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచారు. వెంటనే డిస్కుల జవాబు ఆలస్యమైనట్టు గ్రాఫ్‌లో తేలింది. ఆ అదురుకే డిస్కులో డేటా చదివే హెడ్ గురి తప్పుతుందన్నమాట.

• చిప్‌ల మీద డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో రాసిన చోటే నేరుగా మళ్ళీ రాయలేం. పెద్ద ముక్క మొత్తం చెరపాలి. చెరిపిన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది.

• గ్లస్టర్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ మీద చాలా పని బెంగళూరులోనే జరిగింది. ఏ ఫైల్ ఏ సర్వర్‌లో ఉందో రాసుకునే చిట్టా దానికి అక్కర్లేదు. ఫైల్ పేరు మీద లెక్క కడితే చోటు తేలిపోతుంది. 2011 అక్టోబరులో లైనక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్, గ్లస్టర్‌ను తయారుచేసిన కంపెనీని సుమారు 13.6 కోట్ల డాలర్లకు కొంది. వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆనంద్ బాబు పెరియసామి 2014లో మినియో అనే మరో స్టోరేజ్ కంపెనీ మొదలుపెట్టారు. 2024 చివరికి రెడ్‌హ్యాట్ తన గ్లస్టర్ ఉత్పత్తికి మద్దతు ఆపేసింది. ప్రొడక్టులు ఇలాగే వచ్చి పోతుంటాయి. ఒక్క ప్రొడక్టునే నమ్ముకున్న ఇంజనీరుకు ఇబ్బంది. డిస్కు ఎలా చెడుతుందో, నెట్‌వర్క్ ఎక్కడ తెగుతుందో తెలిసినవాడికి ఢోకా లేదు.

• 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశారు. ఐదు రకాల బ్యాకప్, కాపీ ఏర్పాట్లున్నా ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన కాపీ దొరికింది. మెచ్చుకోవలసిందేమిటంటే, డేటాను తిరిగి నిలబెట్టే పనిని వాళ్ళు దాచకుండా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు.

• 2011 ఫిబ్రవరిలో కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయాయి. కారణం సాఫ్ట్‌వేర్ లోపం. గూగుల్ ఆ ఉత్తరాలను తిరిగి తెచ్చింది దేని నుంచో తెలుసా? పాతకాలపు టేపుల నుంచి!

మీ ఇంటి పెళ్ళి ఫొటోలకు రెండో కాపీ ఉందా? ఉంటే, ఈ ఆదివారం దాన్నొకసారి తెరిచి చూడండి.