విదేశంలో నర్సు కావాలంటే... మా అక్క నడిచిన దారి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ ఈమధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ చెల్లెళ్లు కొందరు నన్ను చుట్టుముట్టి, "అక్కా, జీఎన్ఎం చేస్తే లండన్ పంపిస్తారంట, నిజమేనా?" అని అడిగారు. ఆ రోజు తొందరలో సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను నర్సును కాను. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే. మా పెద్దమ్మ కూతురు జీఎన్ఎం చేసి, హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు పనిచేసి, 2023లో బ్రిటన్ వెళ్లింది. ఆమె ఫారాలు నింపింది, ఉత్తరాలు దిద్దింది నేనే. అందుకే ఈ దారిలో ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ ముల్లు ఉందో నాకు కొంత తెలుసు.

ముందుగా ఒక్క మాట. పని రావడం వేరు, పని వచ్చని రుజువు చేయడం వేరు. విదేశీ లైసెన్సు అంటే ఈ రెండోదే.

అసలు లైసెన్సు ఎందుకు?

మన దగ్గర నర్సింగ్ కోర్సు పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటేనే నర్సు అవుతాం. అయితే ఆ నమోదు వేరే దేశంలో చెల్లదు. ఏ దేశం రిజిస్టరు ఆ దేశానిదే. అమెరికాలో ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష ప్యాసవ్వాలి. గల్ఫ్ దేశాల్లో మన సర్టిఫికెట్లు నిజమైనవో కాదో కాలేజీని, ఆసుపత్రిని నేరుగా అడిగి తేల్చుకుంటారు, పైన కంప్యూటర్ పరీక్ష పెడతారు. జర్మనీకి జర్మన్ భాష నేర్చుకుని తీరాలి. బ్రిటన్‌లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్ఎంసీ, తన రిజిస్టరులో పేరు ఎక్కిస్తేనే నర్సుగా పనిచేయనిస్తారు. మా అక్క వెళ్లింది బ్రిటన్‌కు కాబట్టి ఆ దారే వివరంగా చెబుతాను.

మొదటి రుజువు: కాగితం

బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకూ, జీఎన్ఎం చేసినవాళ్లకూ ఎన్ఎంసీ దారి తెరిచే ఉంది. ఏఎన్ఎం ఒక్కటే చాలదు. మన రాష్ట్ర కౌన్సిల్ "ఈమె మా దగ్గర నమోదైన నర్సే, ఈమె మీద ఏ చర్యా లేదు" అని ఎన్ఎంసీకి నేరుగా ధ్రువీకరించాలి. మనం తీసుకెళ్లి ఇచ్చిన కాగితాన్ని నమ్మరు.

మా అక్కకు మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంది. జీఎన్ఎం సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువ పడింది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! అఫిడవిట్లు, దిద్దుబాట్లు అంటూ తిరగడానికే ఏడు నెలలు పట్టింది. టెన్త్ నామినల్ రోల్స్ పంపే రోజున ఒక్క నిమిషం చూసుకుని ఉంటే సరిపోయేది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి.

రెండో రుజువు: భాష

ఐఈఎల్‌టీఎస్ గానీ, ఓఈటీ గానీ రాయాలి. ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఓఈటీలో మూడింటిలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ రావాలి. ఓఈటీ ఆసుపత్రి పని చేసేవాళ్ల కోసమే పెట్టిన పరీక్ష. రోగి కేసు వివరాలు ఇచ్చి, ఆ రోగిని చూడబోయే మరొకరికి ఉత్తరం రాయమంటారు.

అక్కకు మొదటిసారి రాయడంలో సి వచ్చింది. ఉత్తరం తీసి చూస్తే ఇంగ్లీషు తప్పులు పెద్దగా లేవు. కానీ కేసు షీటులో ఉన్నదంతా ఎక్కించేసింది. చదివేవాళ్లకు ఏది కావాలో ఏరుకోలేదు. ఆ తర్వాత రోజుకో ఉత్తరం రాసి ఫోనులో ఫొటో పంపేది, నేను ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపేదాన్ని. రెండోసారి గట్టెక్కింది. పరీక్ష ఫీజు ఒక్కోసారికి ముప్పై వేలు దాటుతుంది, కాబట్టి చూద్దాంలే అని రాసే పరీక్ష కాదిది.

మూడో రుజువు: పరీక్ష

ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది కంప్యూటర్ పరీక్ష, మన దేశంలోనే రాయొచ్చు. ఇందులో 15 లెక్కలు, 100 నర్సింగ్ ప్రశ్నలు ఉంటాయి. లెక్కలంటే భయపడకండి. డాక్టరు 500 మిల్లీగ్రాముల మందు రాశారు, సీసాలో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంది, ఎంత పోయాలి? పది మిల్లీలీటర్లు. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే గంటకు ఎంత? 125 మిల్లీలీటర్లు. మన ఏడో తరగతి లెక్కలే, కాకపోతే ఇక్కడ తప్పితే రోగికి ప్రమాదం.

రెండోది ఓస్కీ అనే ప్రాక్టికల్. దీన్ని బ్రిటన్‌లోనే చేయాలి. మొత్తం పది స్టేషన్లు. నటులో, బొమ్మో రోగిగా ఉంటారు. ఉద్యోగం ఇచ్చిన ఆసుపత్రి వీసాకు పూచీ ఉండి పిలిపించుకుంటుంది. పనిలో చేరిన మూడు నెలల్లోపు ఈ పరీక్షకు కూర్చోవాలి, ఎనిమిది నెలల్లోపు ప్యాసవ్వాలి. అప్పటిదాకా నర్సు కింద సహాయకురాలే.

తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మా అక్క మొదటిసారి రెండు స్టేషన్లలో తప్పింది. చేతులు సరిగ్గానే పనిచేశాయి, నోరు పనిచేయలేదు. మన వార్డుల్లో ఒక్క నర్సు ఎంతోమంది రోగులను చూసుకోవాలి. సూది వేసి పక్క మంచానికి పోవడమే అలవాటైపోతుంది. అక్కడ ముందు మన పేరు చెప్పాలి, రోగి పేరు, పుట్టిన తేదీ అడిగి చేతి పట్టీతో సరిచూడాలి, అలర్జీలు అడగాలి, ఏం చేయబోతున్నామో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇవి వదిలేస్తే చేసిన పని ఎంత బాగున్నా చెల్లదు. ఆ రాత్రి అక్క ఫోనులో ఏడుస్తూ, "నాకు రాని పనికి కాదు చెల్లీ, చెప్పని మాటకు పోయింది" అంది. తప్పిన స్టేషన్లు మళ్లీ చేసి ప్యాసైంది.

డబ్బు, ఏజెంట్లు

ఈ విషయం రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. అక్క మొదట ఒక ఏజెంటును నమ్మి అరవై వేలు కట్టింది. పెద్దమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బది. అతను ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకుని అయిదు నెలలు తిప్పాడు. సర్టిఫికెట్లు తిరిగొచ్చాయి గానీ డబ్బు రాలేదు.

అప్పుడు మాకు తెలియని సంగతులు ఇప్పుడు చెబుతున్నాను. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగింది ముప్పై వేలు, దానిమీద జీఎస్టీ మాత్రమే. ఏజెంటు రిజిస్టరైనవాడో కాదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. బ్రిటన్ ప్రభుత్వ నియమావళి ప్రకారమైతే ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర రుసుము తీసుకోనే కూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, ముందు అక్కడ అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ వదలొద్దు.

ఇంకో హెచ్చరిక. "ముందు కేర్ వర్కరుగా వెళ్లు, తర్వాత నర్సు అవుదువుగాని" అనేవాళ్లను నమ్మొద్దు. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే ఆ వీసాను బ్రిటన్ 2025 జూలైలో మూసేసింది. నర్సుల నియామకాలు కూడా 2024 నుంచి బాగా తగ్గాయి. దారి మూసుకుపోలేదు గానీ, మా అక్క వెళ్లినప్పటంత వెడల్పుగా లేదు.

చివరి మాట

"లండన్ పంపిస్తారంట" అన్నారు చెల్లెళ్లు. ఎవరూ పంపించరమ్మా, మనమే వెళ్లాలి. నర్సింగ్‌లో చేరేవాళ్లు చేరండి, చేరేముందు ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. విదేశం వెళ్లినా, మన ఊరి పీహెచ్‌సీలో ఉన్నా, రోగికి పేరు చెప్పి, అడిగి, వివరించి చేయడం ఈరోజే మొదలుపెట్టొచ్చు. దానికి వీసా అక్కర్లేదు.

పోయినేడు అక్క పెద్దమ్మ గొలుసు విడిపించింది. పెద్దమ్మ అది మెడలో వేసుకోకుండా పెట్టెలో దాచింది. ఎందుకని అడిగితే, "నీ పీహెచ్‌డీకి అవసరమవుద్దేమో" అంది.

ఈ సాయంత్రం ట్రంకు పెట్టె తెరిచి మీ టెన్త్ మెమో తీయండి. అందులో మీ పేరు ఒక్కసారి అక్షరం అక్షరం చదవండి.