ఫీనిక్స్‌కు ఇల్లు మార్చే ముందు

పోయిన నెల న్యూజెర్సీ నుంచి ఒక విశ్వాసి ఫోన్ చేశాడు. తల్లి ఇక్కడ గుంటూరులో మా సంఘ సభ్యురాలు. అతన్ని నేను సండేస్కూల్ రోజుల నుంచి ఎరుగుదును. "అయ్యగారూ, అరిజోనాలోని ఫీనిక్స్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. దేవుడు ద్వారం తెరిచాడు, ప్రార్థన చెయ్యండి" అన్నాడు. "తప్పకుండా చేస్తాను బాబూ. అమ్మాయి ఏమంటోంది?" అని అతని భార్య గురించి అడిగాను. కాసేపు అవతల మాట లేదు. ఆ మౌనమే ఈ సంపాదకీయానికి కారణం.

ప్రియ పాఠకులారా, ఆఫర్ లెటర్ వచ్చిన ప్రతిసారీ "ద్వారం తెరుచుకుంది" అనడం మన సంఘాల్లో అలవాటైపోయింది. యొప్పే రేవులో యోనాకు కూడా ఓడ సిద్ధంగానే దొరికింది, చేతిలో కేవుకు డబ్బూ ఉంది. (ఆ ఓడ వెళ్ళేదీ పడమటికే!) దారి సుళువుగా దొరకడం ఒకటి, దేవుని చిత్తం మరొకటి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. కాబట్టి ఆ లెక్కే చూద్దాం.

ఫీనిక్స్ లాభాలు చిన్నవి కావు. 1950లో లక్షా ఏడు వేల జనాభా ఉన్న ఊరు 2020 నాటికి 16 లక్షలు దాటి, ఫిలడెల్ఫియాను వెనక్కి నెట్టి అమెరికాలో అయిదో పెద్ద నగరమైంది. పక్కనున్న చాండ్లర్‌లో ఇంటెల్ ఎన్నో ఏళ్ళుగా ఉంది. తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ చిప్‌ల కర్మాగారం కడతామని 2020లో ప్రకటించింది. టెంపీలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి మన పిల్లలు చాలామంది వెళ్తున్నారు. 2023 నుంచి రాష్ట్ర ఆదాయపు పన్ను అందరికీ ఒకే రేటు, 2.5 శాతం. ఇంటి పన్ను భారంలో అమెరికాలోనే ముందుండే న్యూజెర్సీ నుంచి వెళ్ళేవారికి ఆ తేడా బాగా తెలుస్తుంది. మంచు తవ్వే పని ఉండదు. ఇంకొక చిన్న సంగతి: అరిజోనాలో చాలాభాగం ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చదు. అక్కడ ఉదయం ఏడైతే ఇక్కడ సాయంత్రం ఏడున్నర, ఏడాది పొడవునా. ఫోన్‌లో కుటుంబ ప్రార్థన చేసుకునే తల్లులకు ఇది మేలే.

ఇక ఎండ. "రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, మాకు లెక్కేమిటి?" అంటారు మనవాళ్ళు. 2023లో జూన్ 30 నుంచి 31 రోజులు వరుసగా అక్కడ 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 43 డిగ్రీలు, అంతకు పైనే నమోదైంది. రాత్రులు కూడా చల్లబడలేదు. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 645 మరణాలకు ఎండ కారణమో, తోడైన కారణమో అని కౌంటీ ఆరోగ్యశాఖే లెక్క తేల్చింది. చనిపోయినవారిలో ఇల్లు లేనివారు చాలామంది, ఏసీ పనిచేయని ఇళ్ళలో చనిపోయినవారూ ఉన్నారు. ఉద్యోగస్థుడు ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కణ్ణుంచి ఏసీ ఆఫీసులోకి వెళ్తాడు. కారు నడపడం రాని తల్లి మాత్రం నాలుగు నెలలు నాలుగు గోడల మధ్య ఉండాలి. ఎడారి మట్టిలో ఉండే ఒక ఫంగస్ వల్ల వచ్చే వ్యాలీ ఫీవర్ కూడా అక్కడ ఉంది. షుగర్ ఉన్నవారికి అది ముదిరే ప్రమాదం ఎక్కువ. తల్లిదండ్రుల్ని పిలిపించుకోవాలనుకునేవారు ముందే డాక్టరును అడగాలి.

ఎండకన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది నీళ్ళు. సాల్ట్, వెర్డే నదుల నీళ్ళతోపాటు, 336 మైళ్ళ కాలువ గుండా ఎత్తిపోసిన కొలరాడో నది నీళ్ళు ఆ ప్రాంతాన్ని పోషిస్తున్నాయి. ఆ నది మీద ఏడు రాష్ట్రాలకు, మెక్సికోకు హక్కులున్నాయి. కృష్ణా జలాల తగాదా తెలిసిన మనకు ఇంతకంటే వివరించనక్కరలేదు. నదిలో నీటి కొరతను ప్రభుత్వం 2021లో మొదటిసారి అధికారికంగా ప్రకటించింది. మరుసటి ఏడాది అరిజోనా వాటాలో కోత పడింది. కొత్త కాలనీ వెయ్యాలంటే 100 ఏళ్ళకు సరిపడా నీళ్ళున్నాయని చూపించాలన్నది ఫీనిక్స్ ప్రాంతంలో చట్టం. కేవలం భూగర్భ జలం మీద ఆధారపడే కొత్త కాలనీలకు ఇక అనుమతులివ్వమని 2023 జూన్‌లో రాష్ట్రం చెప్పింది. అదే సంవత్సరం మొదట్లో, నగర హద్దుల బయట ఉన్న రియో వెర్డే ఫుట్‌హిల్స్‌కు వెళ్ళే ట్యాంకర్లకు స్కాట్స్‌డేల్ నగరం నీళ్ళు ఆపేసింది. అందమైన ఇళ్ళు, ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు! కాబట్టి ఇల్లు కొనేవారు గ్రానైట్ వంటగట్టు చూసి మురిసిపోకుండా, ఈ ఇంటికి నీళ్ళెవరిస్తారు, ఏ హామీ మీద ఇస్తారు అని మొదట అడగాలి.

ఉద్యోగం సంగతి అతను నాకంటే బాగా ఎరుగును. కంపెనీ మారితే గ్రీన్‌కార్డ్ వరుసలో ఆమోదం పొందిన పాత తేదీ సాధారణంగా నిలుస్తుంది గాని, కాగితాలు కొత్త కంపెనీ మళ్ళీ మొదలుపెట్టాలి. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆ గడువులో అదే ఊళ్ళో అదే రకం పని దొరుకుతుందా? చిప్‌ల వ్యాపారం ఒక ఏడు పొంగుతుంది, ఒక ఏడు కుంగుతుంది.

ఇదంతా కాగితం మీద రాసుకోగల లెక్క. రాయనిది ఇంట్లో ఉంటుంది. ఆదికాండము 13లో లోతు కన్నులెత్తి యోర్దాను మైదానంలో సమృద్ధిగా నీళ్ళుండడం చూసి దాన్ని ఏర్పరచుకున్నాడు. ఇంటివారిని అడిగాడో లేదో వాక్యం చెప్పదు. అతని భార్య, కుమార్తెలు మనకు మొదటిసారి కనిపించేది 19వ అధ్యాయంలో, ఆ పట్టణం నాశనానికి ముందు రాత్రి. నాకు ఫోన్ చేసిన అతని భార్య ఎనిమిదేళ్ళుగా ఒకే ఆసుపత్రిలో నర్సు. కూతురు పదో తరగతి; హైస్కూల్ మధ్యలో స్నేహితుల్ని వదిలి రావాలి. ఇక్కడ అమ్మకు ఏమన్నా అయితే, ఫీనిక్స్ నుంచి భారతదేశానికి నేరుగా విమానం లేదు. ఈ ముగ్గురి మాట వినకముందే అతను ద్వారం తెరుచుకుందన్నాడు.

అదే అధ్యాయంలో అబ్రాము కూడా గుడారం మార్చాడు, మార్చిన చోట బలిపీఠం కట్టాడు. వాళ్ళ తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు అమెరికన్ సంఘం గుడిలో కూడుకుంటుంది. ఉన్నవి పాతిక కుటుంబాలు. కీబోర్డు వాయించేది ఆమె, కారులేని పెద్దల్ని తీసుకొచ్చేది అతను. వీళ్ళు కదిలితే రెండు పనులు ఒక్కరోజులో ఆగుతాయి. మరోవైపు, పెరిగే నగరానికి రోజూ కొత్తవాళ్ళు వస్తుంటారు. టెంపీలో అద్దె గదిలో నలుగురైదుగురు కలిసి ఉండే విద్యార్థులకు ఆదివారం ఇంత అన్నం పెట్టి, కలిసి ప్రార్థించే ఇల్లు ఒకటి ఉంటే అది పెద్ద పరిచర్య. దీన్ని నేను లాభాల వైపే రాస్తాను, వారిద్దరూ ఒక్క మనసుతో వెళ్ళే పక్షంలో. భార్య ఏడుస్తూ వండిన అన్నంతో పరిచర్య సాగదు.

వెళ్ళమని గాని, వద్దని గాని నేను చెప్పలేదు. కంపెనీవాళ్ళు ఊరు చూసి రమ్మని ఫిబ్రవరిలో పిలిచారట. ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఎవరికైనా నచ్చుతుంది. జూలైలో వెళ్ళమన్నాను, భార్యను, కూతుర్ని తీసుకుని. కొనాలనుకుంటున్న ఇంటి దగ్గర్నుంచి ఆరాధన జరిగే చోటికి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి కారులో వెళ్ళి చూడమన్నాను. చేరే తేదీ ఆగస్టుకు జరపగలరేమో కంపెనీని అడగమన్నాను.

మొన్న మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి మాట్లాడింది ఆమె. కంపెనీ ఒప్పుకుందట, జూలై రెండో వారానికి మూడు టికెట్లు తీసుకున్నారట. "అయ్యగారూ, నన్ను అడిగారు" అంది.